గుంపుగా తిరిగే చేపలు ఒక్కదాని మీదే ఎందుకు పడతాయి?

ప్రశ్న: మా పదేళ్ల బాబు పట్టుబట్టడంతో మూడు నెలల కిందట ఇంట్లో రెండడుగుల అక్వేరియం పెట్టాము. అందులో ఐదు టైగర్ బార్బ్‌లు, రెండు ఏంజెల్ చేపలు, మూడు గప్పీలు ఉన్నాయి. టైగర్ బార్బ్‌లు గుంపుగా తిరిగే చేపలనీ, కలిసిమెలిసి ఉంటాయనీ దుకాణంలో చెప్పారు. మొదటి నెలంతా బాగానే ఉన్నాయి. తర్వాత వాటిలో పెద్దది మిగిలిన నాలుగింటినీ తరమడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా చిన్నదాని తోక సగం చిరిగిపోయింది. అది రోజంతా ఫిల్టర్ వెనకే దాక్కుంటోంది, మేత వేసినా బయటికి రావడం లేదు. ఏంజెల్ చేపలకు పొట్ట కింద వేలాడే పొడవాటి రెక్కలు కూడా తెగిపోయాయి. పెద్దదాన్ని తీసి వేరే గిన్నెలో ఉంచితే రెండు రోజులు ప్రశాంతంగా గడిచింది. మూడో రోజు నుంచి రెండో చేప అదే పని మొదలుపెట్టింది. చేసేది లేక పెద్దదాన్ని మళ్లీ తొట్టెలోనే వేశాము. మందగా బతికే చేపలు తమలో ఒకదాన్నే ఎందుకిలా పీడిస్తాయి? పెద్దదాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేస్తే సమస్య తీరుతుందా? "అది చెడ్డ చేపా అమ్మా?" అని బాబు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు సగం సమాధానం మీరే కనిపెట్టారు. పెద్ద చేపను తీసేసిన మూడో రోజుకే రెండో చేప దాని పని అందుకొన్నదని రాశారు. అంటే తప్పు ఆ ఒక్క చేప స్వభావంలో లేదు. ఐదే చేపలున్న గుంపులో, రెండడుగుల తొట్టెలో, ఏదో ఒక చేప ఆ స్థానంలోకి రాక తప్పని పరిస్థితి ఉంది. ఇప్పుడు పెద్దదాన్ని తిరిగి ఇచ్చేస్తే గుంపు నాలుగుకు పడిపోతుంది. తరిమే చేప మారుతుంది గాని తరుముడు ఆగదు, పైగా దెబ్బలు పంచుకొనే చేపలు తగ్గిపోయి చిన్నదాని మీద భారం ఇంకా పెరుగుతుంది. అందుకని దాన్ని ఇచ్చేయవద్దని నా సలహా.

కారణాల్లోకి వెళ్లే ముందు, ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. ఫిల్టర్ వెనక దాక్కొన్న చిన్న చేపను ఈ సాయంత్రమే వేరు చేయండి. చిన్న గిన్నెలోనో గాజు సీసాలోనో ఉంచవద్దు. ఇరవై లీటర్ల నీళ్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు తీసుకొని, అక్వేరియంలోని నీళ్లతోనే నింపి, ఒక గాలి పంపు పెట్టండి. స్పాంజి ఫిల్టర్ ఉంటే మరీ మంచిది. దాక్కోవడానికి ఒక మొక్కో చిన్న మట్టి కుండ పెంకో వేయండి. అయోడిన్ కలపని కల్లుప్పును లీటరుకు ఒక గ్రాము చొప్పున, ముందుగా వేరే నీళ్లలో కరిగించి, కొంచెం కొంచెంగా పోయండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చి, కొత్తగా పోసిన నీళ్ల మేరకే ఉప్పు కలపండి. రెక్క మొదలు దెబ్బ తినకుండా అంచు మాత్రమే చిరిగితే తోక కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. కొత్తగా పెరిగే భాగం మొదట గాజులా రంగు లేకుండా ఉంటుంది కనుక దాన్ని చూసి కంగారు పడవద్దు. చిరిగిన చోట దూదిలాంటి తెల్లని పొర కనిపిస్తే మాత్రం అది బూజు తెగులు. దానికి దుకాణాల్లో దొరికే మిథిలీన్ బ్లూ వంటి మందు, సీసా మీద రాసిన మోతాదు దాటకుండా, ఆ టబ్బులోనే వాడాలి గాని పెద్ద తొట్టెలో పోయకూడదు. తొట్టెలో పోస్తే ఫిల్టర్‌లోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బ తింటాయి.

ఏంజెల్ చేపలనూ గప్పీలనూ కూడా ఆ తొట్టెలో ఇక ఉంచవద్దు. దీనిలో బేరమాడే అవకాశం లేదు. ఏంజెల్ చేప అమెజాన్ ప్రాంతపు నిదానమైన నీళ్లలో, నిలువు కాడల మధ్య మెల్లగా తిరిగే చేప. దాని పొట్ట కింద దారాల్లా వేలాడే రెక్కలు, గప్పీ మగచేప తోక, టైగర్ బార్బ్ కంటికి నోటితో అందుకోవలసిన వస్తువుల్లాగే కనిపిస్తాయి. టైగర్ బార్బ్ గుంపు ఎంత పెద్దదైనా, ఎంత ప్రశాంతంగా ఉన్నా ఈ రెండు రకాలనూ దానితో కలిపి పెంచడం సబబు కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఏంజెల్ చేపలు పెద్దవైతే వాటికి ఎత్తైన తొట్టె కావాలి, అడుగు ఎత్తున్న మీ తొట్టె చాలదు. వాటిని పెద్ద అక్వేరియం ఉన్నవారికి ఇవ్వడం మేలు. గప్పీల సంగతి తర్వాత చెబుతాను.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. గుంపుగా తిరగడం వేరు, స్నేహంగా ఉండడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చాలామంది ఇళ్లలో ఈ చేపలు ఇబ్బంది పడుతున్నాయి. టైగర్ బార్బ్ సుమత్రా, బోర్నియో దీవుల వాగులకు చెందినది. డచ్చి వైద్యుడు పీటర్ బ్లీకర్ 1855లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఒంటి మీది నాలుగు నల్లని పట్టీలను బట్టి దీనికి టెట్రాజోనా అనే పేరు వచ్చింది. మన చెరువుల్లో, పంట కాలువల్లో దొరికే పరిగె చేపలకు ఇది చుట్టమే. కాలువ గట్టున నిలబడి పరిగె పిల్లల గుంపును చూసినవారికి తెలుస్తుంది, నీడ పడగానే ఆ గుంపంతా ఒక్కటై తిరిగిపోతుంది. అలా చేయడం వల్ల పట్టుకోవడానికి వచ్చిన కొంగకో పెద్ద చేపకో ఏ ఒక్క చేప మీదా చూపు నిలవదు. పదిలో ఒకటిగా ఉన్న చేపకు ఒంటరి చేపకన్నా బతికే అవకాశం ఎక్కువ. గుంపు కట్టడానికి మూలకారణం ఈ భద్రత. ఆ గుంపు లోపల మాత్రం మేత కోసం, మంచి చోటు కోసం, జత కోసం ప్రతి చేపా మిగిలినవాటితో పోటీ పడుతూనే ఉంటుంది.

మీ ఇంట్లోనో మీ ఊళ్లోనో పెరటి కోళ్లను చూసే ఉంటారు. గింజలు చల్లగానే ఏ కోడి ముందు తింటుందో, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో ఒక వరస ఉంటుంది, అన్నిటికన్నా కింది కోడి అందరి పొడుపులూ తింటుంది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె కోళ్లలోని ఈ వరసను గమనించి 1922లో ప్రకటించారు. టైగర్ బార్బ్‌లలోనూ ఇటువంటి వరసే ఏర్పడుతుంది. రెండు చేపలు పక్కపక్కన నిలిచి, రెక్కలన్నీ విప్పి, తలలు కొంచెం వంచి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. గెలిచినదాని పట్టీలు నిగనిగలాడుతుంటే ఓడినదాని రంగు పాలిపోతుంది. ఎవరు పైనో, ఎవరు కిందో ఒకసారి తేలిపోతే, సరిపడా చోటూ సరిపడా చేపలూ ఉన్న తొట్టెలో ఆ తరుముళ్లు రెండు మూడు సెకన్లకు మించవు. తరిమినదీ తరిమించుకొన్నదీ మళ్లీ అదే గుంపులో కలిసి తిరుగుతాయి.

మరి మీ తొట్టెలో అలా ఎందుకు కాలేదంటే, అక్కడ చేపలు ఐదే ఉన్నాయి. పై స్థానంలో ఉన్న చేప నాలుగింటినీ ఎప్పుడూ కంటి ముందే ఉంచుకోగలదు. తరిమించుకొన్నది తప్పించుకొని వెళ్లి కలవడానికి ఇంకో గుంపు లేదు, దాగడానికి చోటు లేదు. వాగులోనైతే ఓడిన చేప నాలుగు బారల దూరం పోతుంది, ఆ పోట్లాట అక్కడితో ముగుస్తుంది. రెండడుగుల గాజు గోడల మధ్య అది ఎటు పోయినా గెలిచినదాని కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. "ఇంకా పోలేదు" అని గెలిచినది మళ్లీ తరుముతుంది. పది పన్నెండు చేపలున్న గుంపులోనైతే, ఒకదాన్ని తరమడం మొదలుపెట్టిన క్షణంలోనే మధ్యలో ఇంకో మూడు అడ్డం వస్తాయి, గురి చెదిరిపోతుంది, తరుముడు అందరి మీదా పలచగా పరుచుకొంటుంది. శత్రువును తికమక పెట్టడానికి గుంపు వాడే ఉపాయమే లోపలి పోట్లాటను కూడా చల్లారుస్తుంది. అందుకే టైగర్ బార్బ్‌లను కనీసం ఎనిమిది, వీలైతే పది పన్నెండు ఉంచాలని అనుభవజ్ఞులు చెబుతారు. బ్రిటన్ పరిశోధకులు 2010లో వెలువరించిన ఒక పరిశీలనలో టైగర్ బార్బ్‌తో సహా నాలుగు రకాల చేపలను ఒకటి, రెండు, ఐదు, పది చొప్పున ఉంచి చూశారు. ఇంటి అక్వేరియంలో గుంపు పరిమాణం చేపల క్షేమానికి ముఖ్యమైన విషయమని ఆ పరిశీలన నిలబెట్టింది.

మొదటి నెల బాగానే ఉండి తర్వాత ఇలా ఎందుకు మారిందన్న సందేహం మీకు కలిగే ఉంటుంది. దుకాణాల్లో అమ్మే టైగర్ బార్బ్‌లు అంగుళం పొడవున్న పిల్లలు. మన ఊళ్లకు వచ్చే రంగుచేపల్లో చాలా భాగం చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల పెంచినవే. తొట్టెల నిండా వందల కొద్దీ పిల్లల మధ్య పెరుగుతాయి కనుక, అక్కడ ఏ చేపకూ ఇంకొకదాన్ని గుర్తుపట్టి వెంటాడే వీలుండదు. మీ ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు అవి ఎదిగి, జతకట్టే ఈడుకు వస్తాయి. పూర్తిగా ఎదిగితే ఆరేడు సెంటీమీటర్లు అవుతాయి. వరస కోసం పోటీ నిజంగా మొదలయ్యేది అప్పుడే. ముక్కు ఎర్రగా, రెక్కల అంచులు ఎర్రగా మెరిసేవి మగవి. పొట్ట గుండ్రంగా, రంగు కొంచెం తక్కువగా ఉండేవి ఆడవి. మీ ఐదింటిలో మగవే ఎక్కువైతే పోట్లాట మరింత ముదురుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: పొద్దున్నే ఎర్రముక్కు చేప గుండ్రని పొట్ట ఉన్న చేపను మొక్కల్లోకి నెడుతూ వెంటపడుతుంటే అది జతకట్టే సమయపు తరుముడు. గుడ్లు పెట్టడం కాగానే అది ఆగిపోతుంది. పెట్టిన గుడ్లను అవే తినేస్తాయి, దానికి ఎవరూ బాధ్యులు కారు.

గాయపడిన చేపను తొట్టెలోనే ఉంచకూడదని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. తేనెటీగల నాట్యభాషను చదివి 1973లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వాన్ ఫ్రిష్, అంతకు చాలా ముందే, 1938లో, మినో అనే చిన్న చేపల్లో ఒక విచిత్రాన్ని ప్రకటించారు. ఒక చేప చర్మానికి గాయమైతే దాని నుంచి నీళ్లలోకి వెలువడే పదార్థం వాసన తగలగానే మిగిలిన చేపలన్నీ భయపడి బెదిరిపోతాయి. బార్బ్‌లు, టెట్రాలు, మన కార్ప్ చేపలు అన్నీ ఆ లక్షణమున్న పెద్ద వర్గానికి చెందినవే. పొరలాంటి రెక్క అంచు చిరగడం వేరు, పొలుసులు ఊడి చర్మం దాకా గాయం వెళ్లడం వేరు. రెండోది జరిగిన తొట్టెలో భయం ఆ ఒక్క చేపతో ఆగదు. ఊరికే ఉలిక్కిపడడం, గాజుకు కొట్టుకోవడం, మేత వేళకు కూడా మూలల్లో ముడుచుకోవడం మీ మిగిలిన చేపల్లో కనిపిస్తే దీన్ని కూడా అనుమానించవచ్చు.

ఇప్పుడు తొట్టె లెక్క చూద్దాము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో నిండా పోస్తే 56 లీటర్ల చిల్లర నీళ్లు పడతాయి. అడుగున గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే మిగిలేది 45 లీటర్లు. "ఇంకో ఐదారు బార్బ్‌లు వేస్తే సరిపోతుంది" అని మీకు చాలామంది చెబుతారు. చేపల సంఖ్య విషయంలో వారి మాట సరైనదే, కానీ ఆ సంఖ్యను ఈ తొట్టెలోనే కుక్కితే నీళ్లు త్వరగా పాడై, తరుముళ్లకు ఊపిరాడని పరిస్థితి తోడవుతుంది. కొన్నేళ్ల కిందట నేనే ఈ పొరపాటు చేశాను. ఆరు చేపల మధ్య గొడవ చూడలేక, తొట్టె మార్చకుండా ఇంకో ఆరు తెచ్చి వేశాను. వారం రోజులు తరుముళ్లు తగ్గాయి. తర్వాత ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి, గాలి పంపు ఆగిపోయిన మూడు గంటల్లో నాలుగు చేపలు చనిపోయాయి. గుంపుకు సంఖ్య ఎంత అవసరమో నీళ్లూ అంతే అవసరమని నాకు ఆ రోజు తెలిసింది.

కనుక మీ ముందు రెండు దారులున్నాయి. ఖర్చుకు వెనుకాడకపోతే మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టె తీసుకోండి. దానిలో 150 లీటర్లకు పైగా పడతాయి, చిన్నదానితో కలిపి పన్నెండు టైగర్ బార్బ్‌లు ధీమాగా బతుకుతాయి. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిపితే బరువు 200 కిలోల దాకా వస్తుంది కనుక, టేబుల్ మీద కాకుండా గోడ వారగా సమతలంగా ఉన్న గట్టి ఇనుప స్టాండు మీద పెట్టండి. అంత చోటు, అంత ఖర్చు కుదరకపోతే ఐదు బార్బ్‌లనూ ఇప్పటికే పెద్ద గుంపు పెంచుతున్నవారికి ఒకేసారి ఇచ్చేయండి. మీ రెండడుగుల తొట్టెను గప్పీలకు వదిలేయండి, వాటికి అది చక్కగా సరిపోతుంది. బాబుకు గుంపు చేపలే కావాలనుకొంటే, శ్రీలంకకు చెందిన చెర్రీ బార్బ్‌లు ఆరేడు అందులో ప్రశాంతంగా ఉంటాయి. అవి అదే కుటుంబపు చేపలైనా నెమ్మదస్తులు. బాబుకు ఈ చారల చేపల మీదే మనసుంటే మొదటి దారే పట్టమంటాను. అయితే రెండో దారి పట్టడం ఓటమి ఎంతమాత్రమూ కాదు, ఆ చేపలకు మీరు చేసే మేలు అది.

మొదటి దారి ఎంచుకొంటే, పని తొందరపడి చేయవద్దు. కొత్త తొట్టెకు కొన్న ఫిల్టర్‌ను ముందు పాత తొట్టెలోనే, పాత ఫిల్టర్‌తో పాటు, కొన్ని వారాలు నడపండి. చేపల విసర్జనలోని అమ్మోనియాను తక్కువ హాని చేసే పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు ఆ ఫిల్టర్ స్పాంజిలోనే ఉంటాయి. ఆ స్పాంజిని నల్లా కింద పెట్టి కడిగితే క్లోరిన్‌కు అవి చచ్చిపోతాయి కనుక, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టండి. అమ్మోనియానూ, అది మారే క్రమంలో మధ్యలో తయారయ్యే నైట్రైట్‌నూ పరీక్షించే కిట్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. రెండూ సున్నా చూపేదాకా కొత్త చేపలు వేయవద్దు. నీళ్లలో అమ్మోనియా పెరిగినప్పుడు కూడా చేపలు చిరాకుగా, బెదురుగా, వేగంగా మొప్పలాడిస్తూ ఉంటాయి, దాన్ని మనం పోట్లాట స్వభావమని పొరపాటు పడతాము. నిజం చెప్పాలంటే, మీ మూడు నెలల తొట్టెను కూడా ఇవాళ ఒకసారి పరీక్షించమని కోరుతున్నాను.

కొత్తగా కొనే ఏడింటినీ ఒకే రోజు, ఒకే దుకాణం నుంచి, మీ చేపలతో దాదాపు సమానమైన సైజులో తెచ్చుకోండి. మరీ చిన్న పిల్లలు వేస్తే వాటి పని మీ చిన్నదాని పనే అవుతుంది. ఆకుపచ్చ రంగువీ, తెల్లని అల్బినోవీ కూడా టైగర్ బార్బ్‌లే, అదే జాతి కనుక అదే గుంపులో కలుస్తాయి, రంగుల కోసం కావాలంటే కొన్ని వాటిని తీసుకోవచ్చు. తెచ్చినవాటిని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, తెల్ల మచ్చలు, దూది పొర, మొప్పల వేగం గమనించండి. ఈ ఓపిక లేక తొట్టె తొట్టెంతా తెల్ల మచ్చల తెగులుతో పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు.

కలిపే రోజు వరస ముఖ్యం. ముందు కొత్త చేపలను కొత్త తొట్టెలో వేయండి, వాటితో పాటే కోలుకొన్న చిన్నదాన్ని కూడా. రెండు మూడు రోజుల తర్వాత పాతవాటిలో మూడింటిని, అన్నిటికన్నా ఆఖరున, ఇంకో వారానికి, పెద్దదాన్ని వేయండి. రాళ్లు, మొక్కలు, దుంగ కొత్త తీరులో అమరి ఉంటాయి కనుక "ఈ మూల నాది" అనే పట్టు దేనికీ ఉండదు. పెద్దదే ఆలస్యంగా వచ్చిన కొత్త చేప అవుతుంది. లైటు ఆర్పి, సాయంత్రం వేళ వదలండి. తొట్టె వెనక వైపునా రెండు పక్కలా వాలిస్నేరియా వంటి పొడవాటి ఆకుల మొక్కలు గుబురుగా నాటి, మధ్యలో ఈదడానికి ఖాళీ వదలండి. ఒక చేప చూపు తొట్టె ఈ చివర నుంచి ఆ చివరకు సూటిగా పోకూడదన్నదే ఇక్కడి సూత్రం. రెండు రాళ్లో ఒక దుంగో ఆ చూపును తెంపితే సగం తరుముళ్లు మొదలు కాకుండానే ఆగిపోతాయి. చెరువు నుంచి నాచు తెచ్చి వేయాలనుకొంటే బాగా కడిగి, వారం రోజులు వేరే నీళ్లలో ఉంచి పురుగులు, నత్తలు చూసుకొన్నాకే వేయండి.

మేత వేసే తీరు కూడా మార్చండి. ఒకే మూలలో వేస్తే బలమైన చేప ఆ మూలను కాపలా కాస్తుంది. రెండు చివరలా ఒకేసారి, రెండు నిమిషాల్లో తినేసేటంత చొప్పున, రోజుకు రెండు సార్లు వేయండి. వారానికి ఒకసారి తొక్క తీసి మెత్తగా ఉడికించిన పచ్చి బఠాణీని చిన్న ముక్కలుగా చేసి ఇవ్వవచ్చు. ఆకలితో ఉన్న చేప పక్కదాని రెక్క కొరకడానికి త్వరపడుతుందన్నది నిజమే, అయినా ఎక్కువ మేత వేస్తే అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి. మేత పెంచడంతో పోట్లాట ఆగదు.

మీది ఖమ్మం ప్రాంతం కాబట్టి ఎండాకాలం గురించి విడిగా చెప్పాలి. టైగర్ బార్బ్‌లకు 22 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో మీ దగ్గర గదిలోని తొట్టె నీళ్లు 32 దాటడం వింత కాదు. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 32 డిగ్రీల దగ్గర అది 7 మిల్లీగ్రాములకు కొంచెం పైనే ఆగిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లోని పనులన్నీ వేగం అందుకొని దానికి ఇంకా ఎక్కువ ప్రాణవాయువు కావాలి. వేడిలో చేపలు చురుకెక్కువై ఒకదాని మీద ఒకటి పడడం, ఆ వెంటనే అలసి పైకి వచ్చి నోళ్లు తెరవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. గాలి పంపు నిలపకండి, బ్యాటరీతో నడిచే పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. గట్టి మూతకు బదులు వల మూత వేసి, పైనుంచి ఫ్యాను గాలి నీటి మీద పడేలా చూడండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఐసు ముక్కలు నేరుగా నీళ్లలో వేయవద్దు, ఒక్కసారిగా చల్లబడడం వాటికి వేడి కన్నా పెద్ద దెబ్బ. ప్రతి వారం నాలుగో వంతు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక, క్లోరిన్ పోగొట్టే ద్రవం కలిపిగానీ, బకెట్లో గాలి పంపు పెట్టి ఒక రోజు నిల్వ ఉంచిగానీ పోయండి.

చివరగా బాబు ప్రశ్న. అది చెడ్డ చేప కాదని, పోవడానికి చోటూ కలవడానికి తోడూ చాలక అలా అయిందని చెప్పండి. పదేళ్ల పిల్లవాడికి ఇది చక్కగా అర్థమవుతుంది. వాడికి ఒక పని కూడా అప్పగించండి. పొద్దున లైటు వేసిన అరగంట తర్వాత, మేత వేయకముందు, తొట్టెకు మూడడుగుల దూరంలో కదలకుండా కూర్చొని పదిహేను నిమిషాల పాటు ఒక నోటుపుస్తకంలో ఎవరు ఎవర్ని తరిమారో గీతలు పెట్టమనండి. చేపలను పట్టీల ఆకారాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు, ఒకదాని మధ్య పట్టీ కింద సన్నబడుతుంది, ఇంకొకదానిది చీలినట్టు ఉంటుంది, అచ్చం ఒకేలా ఏ రెండూ ఉండవు. మూడు సెకన్ల లోపు తరుముడు ఒక గీత, అంతకు మించితే సున్నా, రెక్క కొరికితే గుణకారపు గుర్తు. ఇప్పటి ఐదు చేపలతో నాలుగైదు రోజులు, కొత్త గుంపు కలిశాక రెండు వారాలు ఇలా రాస్తే, గీతలు అలాగే ఉన్నా సున్నాలు, గుణకారపు గుర్తులు తగ్గడం వాడే చూస్తాడు. గీతలు పూర్తిగా పోవు, పోవాలని ఆశించవద్దు. అదే చేపకు రోజూ సున్నాలు పడుతున్నా, గుణకారపు గుర్తులు రెండు వారాల తర్వాత కూడా కనిపిస్తున్నా దాన్ని మళ్లీ వేరు చేసి నాకు రాయండి.

ఆ పుస్తకంతో పాటు, రాత్రి పదింటికి లైటు ఆర్పిన కాసేపటికి చిన్న టార్చి వెలుతురు గోడ మీద పడేలా పట్టుకొని ఒకసారి తొట్టెలోకి తొంగి చూడండి. టైగర్ బార్బ్‌లు విశ్రాంతి తీసుకొనేటప్పుడు తల కిందికి వంచి, నీళ్లలో వాలుగా వేలాడుతున్నట్టు నిలుస్తాయి. మొదటిసారి చూసినవారు జబ్బు చేసిందనుకొంటారు, కాదు. చిరిగిన తోక మళ్లీ మొలిచిన చిన్న చేప ఫిల్టర్ వెనక కాకుండా, ఆ వంగిన తలల మధ్య తానూ తల వంచి నిలబడి కనిపిస్తే, తొట్టె కుదుటపడినట్టే.